పర్మనెంటు సెంటు

నూకయ్య ఒంటి మీద సెంటు ఏడు రోజులు నిలుస్తుంది. బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో, తెలుగువాళ్ల కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనివారు లేరు, నమ్మనివారు అసలే లేరు. ఆదివారం పొద్దున కొట్టుకున్న సెంటు సోమవారం కూరగాయల బండి దగ్గర ఘాటుగానూ, బుధవారం అమ్మవారి గుడి మెట్ల మీద మితంగానూ, శుక్రవారం రేషను వరుసలో మర్యాదగానూ పరిమళించి, శనివారం సాయంత్రానికి కొద్దిపాటి అలసట కనబరిచి, మరుసటి ఆదివారం కొత్త సెంటుకు చార్జి అప్పగించి మరీ సెలవు తీసుకుంటుంది. దీనికి సాక్షులున్నారు. ఆ సాక్షులు నిజం చెబుతున్నారనడానికి వేరే సాక్షులున్నారు. ఇంతకు మించిన రుజువును సెటిల్‌మెంట్ ఏనాడూ, ఏ విషయంలోనూ అడిగి ఎరగదు.

కారణం కూడా అందరికీ తెలుసు. గ్రీజు. నూకయ్య ముప్ఫై ఆరేళ్లు వర్క్‌షాపులో బేరింగుల సెక్షన్‌లో ఫిట్టరుగా పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాడు. ఒకసారి దట్టించిన గ్రీజు బేరింగులో కూర్చుని లక్షల కిలోమీటర్లు కదలకుండా ప్రయాణం చేస్తుంది. అంతటి గ్రీజు, ఇంటికీ గోల్‌బజారుకూ మధ్య మాత్రమే తిరిగే మనిషి ఒంటి మీద పిసరంత సెంటును ఏడు రోజులు పట్టి ఉంచలేదా? ఈ వాదంలో లోపం ఎవరికీ కనిపించలేదు. కృపారావు గారికైనా కనిపించి ఉండవలసింది. కానీ సొంత బిడ్డలో లోపం వెతకడం ఎంత శాస్త్రజ్ఞుడికైనా కష్టమే. ఆ వాదానికి తండ్రి ఆయనే.

కృపారావు గారు రైల్వే ప్రయోగశాలలో ముప్ఫై నాలుగేళ్లు నూనెలు, గ్రీజులు, రంగులు పరీక్షించి రిటైరైన మనిషి. వర్క్‌షాపు అంతా ఆయనను 'లేబు బాబు' అంటుంది. ఆయన జీవితంలో రెండే పట్టింపులు. ఒకటి, కళ్లతో చూడనిది రిపోర్టులో రాయకూడదు. రెండు, నమూనా వచ్చిన డబ్బా మీది బ్యాచి నంబరు గడిలో నింపకుండా సంతకం పెట్టకూడదు. ఈ రెండో పట్టింపు వల్ల ఆయనకు రెండు ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి. ఆయన దానిని నష్టంగా భావించలేదు. చర్చిలో ఎవరైనా లేచి అద్భుతం జరిగిందని సాక్ష్యం చెబితే, ఆయన సంతోషంగానే వినేవారు. విన్నాక, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఇంకెవరెవరు చూశారు అని బయట మెట్ల మీద మెల్లగా అడిగేవారు. అటువంటి మనిషి సంతకం అంటే సెటిల్‌మెంట్‌లో విలువ ఉంది. ఆయనకున్న ఆస్తి కూడా అదొక్కటే.

జరిగింది ఇది. నూకయ్య రిటైరైనప్పుడు సెక్షన్‌వారు అతనికి ఒక శాలువా, ఒక సూటుకేసు, ఒక విదేశీ సెంటు సీసా బహూకరించారు. తెలుగు సంఘం అధ్యక్షుడు జగ్గారావు ఆ సీసాను పైకెత్తి నాలుగు దిక్కులకూ చూపించాడు. సభికులు చప్పట్లు కొట్టారు. మరి కొన్నాళ్లకు టీకొట్టు దగ్గర నూకయ్య ఎదురైనప్పుడు, మనిషి కనబడగానే ఏదో ఒక మంచిమాట అనకుండా ఉండలేని జగ్గారావు, గాలి గట్టిగా పీల్చి అన్నాడు.

"ఏటి నూకయ్యా, సెంటు గుప్పుమంటంది. ఎప్పుడు కొట్టినావు?"

ముప్ఫై ఆరేళ్లు సుత్తిదెబ్బల చప్పుడులో గడిపిన నూకయ్య చెవులు, ఎవరైనా మాట్లాడితే సగం మాత్రమే లోపలికి రానిస్తాయి. మిగతా సగం అతను సొంతంగా పూరించుకుని జవాబు చెబుతాడు.

"పోయినాదోరం," అన్నాడు.

ఆ రోజు శనివారం. టీకొట్టువాడు గ్లాసు కడగడం మాని తలెత్తాడు. జగ్గారావు నూకయ్య మోచేతుల వైపు చూశాడు. అవి మెరుస్తున్నాయి.

"మోసేతులకి ఏటది?"

"గ్రీజు," అన్నాడు నూకయ్య. ప్రపంచంలో అతనికి ఎప్పుడూ పూర్తిగా వినిపించే ఊసు అదొక్కటే. చలికి చర్మం పగిలితే గ్రీజు రాసుకోవడం వర్క్‌షాపువాళ్లకు తాతల నాటి అలవాటు. కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు. అందరి చూపులూ బల్ల చివర కూర్చుని పేపరు చదువుకుంటున్న కృపారావు గారి వైపు తిరిగాయి.

"లేబు బాబూ, సైన్సు ఒప్పుకుంటాదా?"

కృపారావు గారు పేపరు మడిచి, కళ్లజోడు తుడుచుకుని, తమ స్వభావానికి తగినట్టు, ఒక్క పొల్లుమాట లేకుండా చెప్పారు. "నూనె అంటిన చర్మం మీద సెంటు, పొడి చర్మం మీద కంటే, సాధారణంగా, కొంతసేపు ఎక్కువ నిలవవచ్చు."

ఇది నిజం. ఇంత నిజమైన వాక్యం ఆ టీకొట్టులో అంతకు ముందు పుట్టలేదు. అయితే వాక్యం గూడ్సుబండి వంటిది. బయలుదేరినప్పుడున్న వ్యాగన్లన్నీ చేరేచోటికి చేరవు. 'సాధారణంగా' అన్నది మంగలిషాపు దగ్గర విడిపోయింది. 'పొడి చర్మం మీద కంటే' అన్నది ఇస్త్రీబండి దగ్గర పట్టాలు తప్పింది. చర్చి గేటు దగ్గర 'నిలవవచ్చు' కాస్తా విశ్వాసం పొంది 'నిలుస్తుంది' అయింది. కూరగాయల బండి దగ్గర ఒక ఆటో హారన్ మోగడం వల్ల 'కొంతసేపు' కొన్ని రోజులుగా వినిపించింది. సాయంత్రానికి ఊరి అవతలి పేట ఖరిదా చేరినది ఇంజను ఒక్కటే: "ఏడు రోజులు. లేబు బాబు రాసిచ్చినాడు."

కృపారావు గారు కంగారుపడ్డారు. తాను అనని మాటకు తన పేరు అంటుకోవడం ఆయనకు అదే మొదటిసారి. బుధవారం నాడు గుడి మెట్ల దగ్గర నూకయ్యను పట్టుకుని, సత్యం తేల్చుకుని, ఈ వదంతిని ఆ మెట్ల మీదే ఖననం చేయాలని వెళ్లారు. నూకయ్య మెడ దగ్గరకు వంగి, కళ్లు మూసుకుని, మూడుసార్లు శ్వాస తీశారు. మూడోసారి ఆయన కనుబొమలు పైకి లేచాయి. సన్నగా, ఎక్కడో వెనకగా, చందనం.

ఆయన నిజాయితీ గల మనిషి. జేబులోంచి నోటుపుస్తకం తీసి, తేదీ వేసి, "స్వల్ప చందన పరిమళం, స్వయంగా గ్రహించబడినది" అని రాసుకున్నారు. ఖననం వాయిదా పడింది.

ఇక సెటిల్‌మెంట్ ఊరుకుంటుందా? వారం తిరిగేసరికి గ్రీజు పూయని మెడ లేదు. గోల్‌బజార్‌లో ముప్ఫై ఏళ్లుగా లారీ విడిభాగాలు అమ్ముకుంటున్న బెంగాలీ దుకాణదారుడు, గ్రీజు అడిగిన ప్రతివారినీ "ట్రక్కు కోసమా దాదా, ఒంటి కోసమా?" అని అడిగి, ఒంటి కోసమైతే చిన్న డబ్బాలో, మీద గులాబీబొమ్మ అంటించి ఇవ్వసాగాడు. పెళ్లిళ్లకు బేరింగు గ్రీజు, నిత్యానికి సైకిలు గ్రీజు అన్న సంప్రదాయం పదిరోజుల్లో స్థిరపడింది. పదకొండో రోజున అది పూర్వీకుల నుంచి వస్తున్నదని పెద్దలు గుర్తుతెచ్చుకున్నారు. ఒక పెళ్లిలో వరుడు వధువు చెయ్యి పట్టుకోబోతే మూడుసార్లు జారిపోయింది. దానిని అందరూ శుభశకునంగా గ్రహించారు. ఆటో మలుపు తిరిగినప్పుడు వెనక సీటులో ముగ్గురు తెలుగువారు ఈ చివర నుంచి ఆ చివరకు జారి, ఆటో ఆగకుండానే దిగవలసిన చోట దిగిపోయేవారు. చర్చి బెంచీలు నున్నబడ్డాయి. ప్రార్థనకు లేచినవారు లేచినట్టే ఉండి, కూర్చోబోయినవారు నేల మీద కూర్చునేవారు. భక్తి పెరిగిందని పాస్టరు గారు సంతోషించారు. సెటిల్‌మెంట్‌లో ఇస్త్రీబండివాడు ఒక్కడే విచారంగా ఉండేవాడు. అతని ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద పెట్టగానే తనంతట తానే అవతలి వీధిలోకి వెళ్లిపోయేది.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. గ్రీజు మీద సెంటు కొట్టుకున్నవారికి పావుగంట తరువాత తమ సెంటు వాసన తమకు తెలిసేది కాదు. జనం కృపారావు గారి వరండాలో గుమిగూడారు. ఆయన చాలా ఓపికగా వివరించారు. సెంటులోని ముఖ్యభాగం గాలిలో కలిసిపోతూనే ఉంటుందనీ, అదీగాక ఒకే వాసన తగులుతూ ఉంటే ముక్కు దానికి అలవాటుపడి గుర్తించడం మానేస్తుందనీ, ఎప్పుడూ దగ్గరున్నవారికి కూడా అంతేననీ చెప్పారు. ఇదీ నిజమే. జనం తృప్తిగా తలలూపి వెళ్లిపోయారు. వాసన వస్తే సెంటు ఉన్నట్టు. రాకపోతే ముక్కు అలవాటుపడినట్టు. సెంటు లేకపోవడానికి ఇక ఏ దారీ మిగలలేదు.

ఈ దశలో తెలుగు సంఘం రంగంలోకి దిగింది. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, నూకయ్యకు సన్మానం చేయాలనీ, అతని సెంటు స్థిరత్వాన్ని ధ్రువీకరిస్తూ సర్టిఫికెట్ ఇవ్వాలనీ, దాని మీద సాంకేతిక సభ్యుని హోదాలో కృపారావు గారు సంతకం చేయాలనీ తీర్మానించింది. పరీక్ష నిమిత్తం ఐదుగురు సభ్యులతో ఒక ఆఘ్రాణ ఉపసంఘం ఏర్పాటైంది. సభ్యులను ముక్కును బట్టి కాక సర్వీసు సీనియారిటీని బట్టి ఎంపిక చేశారు. ఆఘ్రాణ దూరం జానెడు అని నిర్ణయించారు. జానెడు ఎవరిది అన్న విషయం మీద రెండు సమావేశాలు జరిగాయి. మహిళా ప్రతినిధిగా కృపారావు గారి భార్య అన్నమ్మ గారిని తీసుకున్నారు.

పరీక్ష రోజున నూకయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. రిటైరైనవాడికి ఇన్ని మర్యాదలు ఎందుకో అతనికి అర్థం కాలేదు కానీ, అడిగితే బాగుండదని ఊరుకున్నాడు. సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరే వచ్చి జానెడు దూరంలో ముక్కుపెట్టి వాసన చూశారు. మొదటి సభ్యుడు చందనం అన్నాడు. రెండవ సభ్యుడు, మొదటి సభ్యుని మీద ఉన్న గౌరవంతో, చందనమే కానీ మల్లె కూడా ఉందన్నాడు. మూడవ సభ్యుడికి మల్లె, చందనం, వాటితోపాటు ప్యారిస్ నగరం కూడా వచ్చాయి. నాలుగవ సభ్యుడు మాట్లాడలేక కళ్లు తుడుచుకున్నాడు. అన్నమ్మ గారి వంతు వచ్చింది.

"నాకు గ్రీజు వాసనే వస్తంది," అన్నది ఆమె.

"సరిగ్గా సూడమ్మా," అన్నాడు జగ్గారావు.

"సూసినాను బాబూ. గ్రీజు, సుట్ట, కొద్దిగా ఎండుసేప. ఇంకేటీ నేదు."

ఉపసంఘం గదిలో తలుపులు వేసుకుని అరగంట చర్చించింది. తరువాత, అన్నమ్మ గారికి జలుబు చేసి ఉన్నదని నాలుగు ఓట్లు అనుకూలంగా, ఒక ఓటు వ్యతిరేకంగా తీర్మానించింది. ఆ ఒక్క ఓటూ ఆమెదే. ఆమెకు త్వరగా ఆరోగ్యం చేకూరాలని ఇంకొక తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. కృపారావు గారు నోటుపుస్తకంలో "ఒక సాక్షికి జలుబు, పరిగణనలోకి తీసుకోలేదు" అని రాశారు. రాస్తూ భార్య వైపు చూడలేదు.

ఇంటికి వెళ్లాక అన్నమ్మ గారు కంచం పెడుతూ అన్నది. "నాకు జలుబని మీరూ రాసుకున్నారా?"

"కమిటీ తీర్మానం..."

"ముక్కు నాది. తీర్మానం కమిటీది. బాగుంది. రేపు నాకు కడుపు నిండిందని తీర్మానిస్తే అన్నం మానేస్తాను. మరి మీకు నిజంగా వొచ్చిందా, ఆ సందనం?"

"వచ్చింది," అన్నారాయన. అది అబద్ధం కాదు. అదే ఆయనను బాధిస్తున్నది. "సంతకం పెట్టాలా వద్దా అన్నదే తేలడం లేదు, అన్నమ్మా. ముప్ఫై నాలుగేళ్లలో చూడనిది ఒక్కటి రాయలేదు నేను."

"మీరు సూసినది రాయండి. సూడనిది నింపకండి. మీరు నాకు సెప్పినదే కదా అది," అని ఆమె చారు వడ్డించింది.

సభ ఘనంగా జరిగింది. నూకయ్య కొడుకు ప్రేమ్‌కుమార్ పొద్దున్నుంచీ కుర్చీలు మోసి, మైకు సెట్టు కట్టి, జంపఖానాలు పరిచాడు. అతను అదే వర్క్‌షాపులో ఒక కాంట్రాక్టరు కింద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. పదకొండేళ్లుగా ప్రతి మూడు నెలలకూ అతని పని అయిపోతుంది. మరునాడు మళ్లీ మొదలవుతుంది. జగ్గారావు మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా, సెంటు అంటే ఏమిటి? సెంటు ఒక టెంపరరీ వస్తువు. పొద్దున వస్తుంది, సాయంత్రానికి పోతుంది. దానికి పెన్షన్ లేదు, పాసు లేదు, క్వార్టరు లేదు. ప్రపంచంలో మహామహులంతా చేతులెత్తేసిన ఈ సమస్యను ఎవరు పరిష్కరించారు? మన తెలుగువాడు. మన ఫిట్టరు. ఈ రోజు నుంచి సెంటు పర్మనెంటు. వచ్చి పని చేసి వెళ్లిపొమ్మనడం అమానుషం. సోదరులారా, పదకొండు గంటలు నిలబడి సేవ చేసిన సెంటును తుడిచెయ్యడానికి మనకు మనసెలా ఒప్పుతుంది? ఈ సెటిల్‌మెంట్‌లో పర్మనెంటు కానిదంటూ ఏదీ ఉండకూడదు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గోడ పక్కన నిలబడిన ప్రేమ్‌కుమార్ కూడా, చేతుల్లో ఉన్న రెండు కుర్చీలూ కింద పెట్టి, చప్పట్లు కొట్టాడు.

తరువాత సర్టిఫికెట్ వచ్చింది. చుట్టూ బంగారురంగు లతలు, మధ్యలో కృపారావు గారి పాత రిపోర్టు నమూనా ప్రకారం అచ్చువేసిన గడులు. ఆయన కలం తీశారు. చదివారు. ఆగారు.

"బ్యాచి నంబరు గడి ఖాళీగా ఉంది," అన్నారు.

"రేపు నింపెద్దురు బాబూ," అన్నాడు జగ్గారావు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. "దండ వాడిపోతంది."

"ఖాళీ గడి ఉంచి సంతకం పెట్టడం..."

"నాలుగొందల మంది ముక్కులు ఒకేపు. ఒక గడి ఒకేపు. మీ ముక్కుకి కూడా వొచ్చింది కదా."

వచ్చింది. ఇప్పుడు కూడా వస్తున్నది. వేదిక నిండా చందనం. నాలుగు వందల మంది ఆయన కలం వైపు చూస్తున్నారు. నూకయ్య మెడలో దండ నిజంగానే వాడుతున్నది. కృపారావు గారు ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారిగా ఒక గడి ఖాళీగా వదిలి సంతకం చేశారు. సర్టిఫికెట్ అసలు ప్రతిని అప్పటికప్పుడే అద్దంలో బిగించి సంఘం గోడకు తగిలించారు. నకలు ఆయన సంచిలోకి వచ్చింది. మూడో వరుసలో కూర్చున్న అన్నమ్మ గారు చెంగుతో ముక్కు తుడుచుకున్నది. జలుబు ఇంకా తగ్గలేదని పక్కావిడ జాలిపడింది.

మరునాడు పొద్దున్నే కృపారావు గారు ఆ గడి నింపడానికి నూకయ్య ఇంటికి వెళ్లారు. రాత్రంతా ఆయనకు ఆ ఖాళీ గడి నోట్లో పన్ను ఊడిన సందులా తగులుతూనే ఉంది. నూకయ్య ఎదురొచ్చి కుర్చీ వేశాడు. అతని భార్య చిలకమ్మ టీ తెచ్చింది.

"సెంటు సీసా ఒకసారి చూపించు నూకయ్యా. అడుగున నంబరు ఉంటుంది. రాసుకుని ఇచ్చేస్తాను," అన్నారు, గొంతు పెంచి.

"సెంటా?" అన్నాడు నూకయ్య. భార్య వైపు చూశాడు. చిలకమ్మ లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, తాళం తీసి, పట్టుచీర మడతల్లోంచి ఒక అట్టపెట్టె బయటికి తీసింది. చీర అంచుతో తుడిచి రెండు చేతులతో ఆయనకు అందించింది.

"బద్రంగా సూడండి బాబూ. మా ప్రేముగాడికి పర్మనెంటయిన రోజున ఇప్పుదామని దాసినాం."

కృపారావు గారు పెట్టెను ఒళ్లో పెట్టుకున్నారు. తరువాత నూకయ్య చెవి దగ్గరగా వంగి అడిగారు. "మరి ఆ రోజు టీకొట్టు దగ్గర, పోయినాదివారం కొట్టుకున్నానని చెప్పావు కదా?"

"కటింగు కదా బాబూ," అన్నాడు నూకయ్య. "కటింగు ఎప్పుడు కొట్టించినావని జగ్గారావు అడిగినాడు. పోయినాదోరమే మంగలిషాపులో కొట్టించినాను."

"మరి ఇన్నాళ్లూ, చిలకమ్మా, ఊరంతా సెంటు సెంటు అంటుంటే నీకైనా అనుమానం రాలేదా?"

చిలకమ్మ నొచ్చుకున్నది. "మీరే కదా బాబూ వరండాలో సెప్పినారు, దగ్గరున్నోల్ల ముక్కుకి తెలీదని. నాకు తెలీడం నేదు గావాల అనుకున్నాను. పెట్టి మేం తీనేదు. అయినా ఊరందరికీ వస్తందంటే, మంచి సరుకు కదా, పెట్టిలోంచే వొస్తందేమో."

కిటికీలోంచి ఎండ పడుతున్నది. ప్రేమ్‌కుమార్ సైకిలుకు టిఫిను డబ్బా తగిలించుకుని, మూడు నెలల్లో అయిపోబోయే పనికి బయలుదేరుతూ, లేబు బాబుకు దణ్ణం పెట్టి వెళ్లాడు. కృపారావు గారు సంచిలోంచి నకలు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. అట్టపెట్టె తిరగేశారు. బ్యాచి నంబరు స్పష్టంగా ఉన్నది. గడిలో ఒక్కొక్క అంకె దిద్దినట్టుగా రాశారు. గదిలో చందనం ఘుమఘుమలాడుతున్నది. ఆయన దానిని పట్టించుకోలేదు. ఆ గడి కింద, 'నమూనా స్థితి' అని ఇంకొక గడి ఉన్నది. నిన్న వేదిక మీద ఆ హడావుడిలో అదీ ఖాళీగా ఉండిపోయిందని ఆయన అప్పుడే చూశారు. పెట్టెను వెలుతురుకు పట్టి, పలచని ప్లాస్టిక్ పొరను నాలుగు వైపులా వేలితో తడిమి, కలం మూత తీసి, అందులో రాశారు:

సీలు విప్పలేదు.